హైటెక్స్‌లో కార్ల షో: జేబులో టేపు, టార్చి

హైటెక్స్‌కి సొంత కారులో వెళ్లకపోవడమే మేలు. శని, ఆదివారాల్లో కొత్తగూడ వైపు నుంచి వచ్చినా, మాదాపూర్ వైపు నుంచి వచ్చినా ట్రాఫిక్‌తోనే సగం ఓపిక అయిపోతుంది. నాగోల్–రాయదుర్గం మెట్రోలో హైటెక్ సిటీ దగ్గర దిగి, ఆటో పట్టుకుని, గేట్లు తెరిచే వేళకి చేరుకున్నాను. కార్లను నిజంగా చూడాలంటే అదే సరైన సమయం. మధ్యాహ్నం దాటితే ఒక్కో కారు చుట్టూ ఫోటోల గుంపు చేరుతుంది. పైగా ఇంజిన్ ఆపి రోజంతా డోర్లు తీసి మూస్తుంటే 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. స్టాల్ వాళ్లు చార్జర్ తగిలించకపోతే సాయంత్రానికి స్క్రీన్ వెలగదు, పవర్ సీటు కదలదు.

నా దగ్గర ఉన్నవి కొలిచే టేపు, చిన్న టార్చి, ఇంట్లోని పెద్ద సూట్‌కేసు కొలతలు రాసుకున్న చీటీ. ఒకే మధ్యాహ్నం, ఒకే కప్పు కింద, అరడజను కార్లలో ఒకదాని వెంట ఒకటి కూర్చుని పోల్చుకునే వీలు ఏ షోరూమ్‌లోనూ ఉండదు. అందుకే ఎక్కువ సమయం సీట్ల మీదే పెట్టాను.

ముందు డ్రైవర్ సీటు సరిచేసుకోవాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచుకి తగలాలి. ఆ సీటు కదపకుండా దిగి, సరిగ్గా దాని వెనకే కూర్చోవాలి. ప్రదర్శనకు పెట్టిన కార్లలో ముందు సీటు బాగా ముందుకి జరిపి ఉండడం మామూలే. అలా చూస్తే వెనక కాళ్ల చోటు ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఇక్కడే అసలు తేడా బయటపడింది. పెట్రోలు కారునే మార్చి చేసిన మోడళ్లలో బ్యాటరీ ఫ్లోరు కిందికి వస్తుంది కాబట్టి ఫ్లోరు పైకి లేస్తుంది. తల పైన చోటు తగ్గకూడదని సీటును మాత్రం అంత ఎత్తుకి లేపరు. దాంతో వెనక కూర్చుంటే మోకాళ్లు పైకి లేచి, తొడలు సీటుని వదిలేస్తాయి. తొడ కింద అరచెయ్యి పెడితే సులువుగా దూరిపోయింది. విజయవాడ దాకా అలా కూర్చుంటే బరువంతా నడుము మీదే. వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు, హెడ్‌రెస్టు ఉన్నాయో లేదో కూడా అక్కడే చూసుకోవాలి.

డిక్కీ విషయంలో లీటర్ల లెక్క కంటే డిక్కీ నోటి వెడల్పు, లోపలి గట్టు ఎత్తు ముఖ్యం. చాలా కార్ల పొడవు 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగడం పన్ను వల్లే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారుకి జీఎస్టీ 18 శాతం, ఆ హద్దు దాటితే 40. ఎలక్ట్రిక్‌కి 5. ఆ కుదింపు భారం ఎక్కువగా డిక్కీ మీదే పడుతుంది. సీఎన్‌జీ కార్లలో ఒకే పెద్ద సిలిండర్ ఉంటే సూట్‌కేసు సంగతి మరిచిపోవాలి. టాటా 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టిన అమరికలో రెండు 30 లీటర్ల సిలిండర్లు డిక్కీ ఫ్లోరు కిందికి వెళ్లి పైన చోటు మిగులుతుంది, అందుకే అది నాకు నచ్చుతుంది.

తర్వాత టైర్లు. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ (డాట్ కోడ్) చివరి నాలుగు అంకెలు చూడాలి: 3224 అంటే 2024లో 32వ వారం తయారీ. స్టెప్నీ మిగతా నాలుగింటి సైజే ఉందా, చిన్నదా అని చూశాను. చిన్నదైతే గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దనే స్టిక్కర్ చాలాసార్లు దాని మీదే ఉంటుంది.

స్టేజీ మీద తిరిగే కారు దాదాపు ఎప్పుడూ టాప్ వేరియంటే. మీరు కొనబోయే వేరియంట్‌లో ఏమేం తీసేస్తారో ముద్రించిన షీటు అడిగి తీసుకోండి. కార్లను ఢీకొట్టించి భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ రేటింగు 2023 అక్టోబర్ నుంచి ఉంది. పెద్దలకి 32, పిల్లలకి 49 మార్కులు. స్టార్లతో సరిపెట్టుకోకుండా ఆ రెండు మార్కులూ విడివిడిగా అడగాలి.

ఎలక్ట్రిక్ కారైతే కారు లోపలి ఏసీ చార్జర్ (ఇంటి కరెంటుతో బ్యాటరీ నింపేది) ఎన్ని కిలోవాట్లో తప్పనిసరిగా అడగాలి. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి 7.2 కిలోవాట్ల చార్జర్‌తో రాత్రి ఏడు గంటలు చాలు, 15 ఆంప్స్ సాకెట్‌తో అయితే 14 గంటలు పైనే. కానీ 7.2 అంటే సుమారు 32 ఆంప్స్. అపార్ట్‌మెంట్‌లో ఇంటి శాంక్షన్డ్ లోడ్ (కరెంటు కనెక్షన్‌కి మంజూరైన పరిమితి) 3 కిలోవాట్లే ఉంటే ముందు అది పెంచుకోవాలి. తెలంగాణలో రిజిస్టర్ చేసే ఎలక్ట్రిక్ కార్లకి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు టాక్స్ లేదు, కాబట్టి కొటేషన్‌లో ఆ గడి సున్నా ఉండాలి. 10 లక్షలు దాటిన కారుకి వేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఆదాయపు పన్ను) ఐటీ రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

షో దగ్గర ఇచ్చే టెస్ట్ డ్రైవ్ నున్నని రోడ్డు మీద ఒక చిన్న చుట్టు. సస్పెన్షన్ గురించి అది ఏమీ చెప్పదు. మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద, నలుగురు ఎక్కాక, మళ్లీ నడపాలి. ఆఫర్ ఈ రోజే అని టోకెన్ కట్టమంటే మోడల్, వేరియంట్, రంగు, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు అనేవి రసీదు మీద రాయించాకే కట్టండి.