పెరటి మట్టిలోని మైట్లు: క్రమం నుంచి ప్రజాతి దాకా, ఈ వర్షాకాలపు పురోగతి

మా పెరట్లోని మామిడి, కానుగ చెట్ల కింద రాలిన ఆకుల పొరలో ఉండే మైట్లను, అంటే సాలెపురుగులకు బంధువులైన అతి చిన్న జీవులను, సేకరించి, వాటిని ఎంతవరకు వర్గీకరించగలనో చూడాలని మొదలుపెట్టిన పని ఈ వర్షాకాలంలో ఒక దశకు చేరింది. వేసవి వరకు వాటిని గట్టి పెంకు ఉన్నవి, మెత్తనివి, వేగంగా పరుగెత్తేవి అని మాత్రమే వేరుచేయగలిగాను. ఇప్పుడు చాలా నమూనాలను క్రమం (ఆర్డర్ అనే పెద్ద వర్గం) వరకు, గట్టి పెంకు ఉన్నవాటిలో కొన్నింటిని ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) వరకు నమ్మకంగా తీసుకువెళ్లగలుగుతున్నాను. పిడుదులతో కలిపి ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పొందిన మైట్ల జాతులు సుమారు 55 వేలు. పేరు పెట్టవలసినవి 5 లక్షల నుంచి 10 లక్షల వరకు ఉండవచ్చని ఈ రంగంలోని నిపుణుల అంచనా. కాబట్టి పిడికెడు పెరటి మట్టిలో ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి దొరికే అవకాశం నిజంగానే ఉంది. అయితే దొరికినదాన్ని కొత్తదని చెప్పగలగడానికి చేయవలసిన పని ఎంత ఉందో ఈ కొద్ది నెలల్లో నాకు స్పష్టమైంది.

సేకరణకు వాడుతున్నది ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లెసే 1905లో ప్రకటించిన గరాటు పద్ధతి. స్వీడన్ శాస్త్రవేత్త తుల్‌గ్రెన్ తరువాత దానికి విద్యుత్ బల్బు చేర్చాడు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగాన్ని కోసి తలకిందులుగా నిలబెట్టి, లోపల రెండు మిల్లీమీటర్ల కన్నులున్న స్టీలు జాలీ అమర్చి, దానిమీద ఆకుల పొరను తిరగవేసి పరిచాను. బల్బు వేడికి పొర పైనుంచి ఆరిపోతున్న కొద్దీ జంతువులు కిందికి దిగి జాలీ గుండా సీసాలో పడతాయి, పై పొరలో ఖాళీలు ఎక్కువ కాబట్టి అది కింది వైపుకు రావడం మేలు. పైన 15 వాట్ల పాత రకం బల్బు వేలాడదీశాను. ఎల్‌ఈడీ బల్బు తగినంత వేడి ఇవ్వదు. అలాగని వాటేజీ మరీ పెంచితే మట్టి ఒక్కసారిగా ఎండిపోయి, మెత్తని శరీరం ఉన్న మైట్లు దిగేలోపే చనిపోతాయి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో మట్టి మెల్లగా ఆరిపోయేలా బల్బు ఎత్తు సరిచేసుకోవాలి. కింద పెట్టిన చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో 70 శాతానికి పలుచన చేసి పోస్తున్నాను. స్థలం, తేదీ, ఏ చెట్టు కింద, ఎంత లోతు అన్న వివరాలను పెన్సిలుతో రాసిన చీటీని సీసా లోపలే వేస్తాను. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, సీసాపై అంటించిన కాగితం ఊడిపోతుంది. చీటీ లేని నమూనా ఎంత అరుదైనదైనా శాస్త్రానికి పనికిరాదు.

నమూనాను పారదర్శకం చేయడం దగ్గర అసలు వర్గీకరణ మొదలవుతుంది. స్లైడుపై నమూనాను అమర్చడానికి చాలామంది వాడే హోయర్ ద్రావణంలో క్లోరల్ హైడ్రేట్ ఉంటుంది. ఇంట్లో పనిచేసేవారికి అది సులభంగా దొరికే పదార్థం కాదు, దొరికినా ఇంట్లో ఉంచుకోదగినది కాదని నా అభిప్రాయం. అందువల్ల 85 శాతం లాక్టిక్ ఆమ్లంతోనే సరిపెట్టుకుంటున్నాను. గుంట ఉన్న స్లైడులో ఒక చుక్క వేసి, మైటును అందులో ఉంచి, కవర్‌స్లిప్‌ను గుంటలో సగం మాత్రమే మూసేలా జరుపుతాను. కవర్‌స్లిప్ అంచును సూదితో కొద్దిగా నెడితే లోపలి మైటు దొర్లుతుంది కాబట్టి ఒకే నమూనాను వీపు వైపు, పొట్ట వైపు, పక్క నుంచి చూడవచ్చు. మెత్తనివి ఒకటి రెండు రోజుల్లో పారదర్శకమవుతాయి. ఒరిబాటిడ్‌లు అనే గట్టి పెంకు గల ముదురు గోధుమ రంగు మైట్లకు వారాలు పడుతుంది. ఆమ్లం చర్మానికి, కళ్లకు హాని చేస్తుంది కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఈ విడతలో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతృప్తి ఇచ్చినది పోలరైజర్ ఫిల్ముతో, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని (ధ్రువణ కాంతిని) మాత్రమే పంపే పలుచని పొరతో, చేసిన పరిశీలన. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తనకు తెలిసిన సుమారు 30 జాతులను, పిడుదులతో సహా, అకారస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచాడు. నేటి వర్గీకరణలో మైట్లు అకారిఫార్మిస్, పారాసిటిఫార్మిస్ అనే రెండు పెద్ద శాఖలు. ఈ రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చాయా, లేక సాలెపురుగుల వర్గంలో వేర్వేరుగా పుట్టాయా అన్న చర్చ ఇంకా తెగలేదు. వీటి మధ్య తేడాను చూపిన ఆధారాల్లో ఒకటి ఫ్రాన్సుకు చెందిన ఫ్రాంస్వా గ్రాంజాన్ 1930లలో గమనించినది. ఆయన మొదట ఖనిజాల మీద, ద్రవ స్ఫటికాల మీద పనిచేసిన వ్యక్తి కాబట్టి, ధ్రువణ కాంతి సూక్ష్మదర్శినిని మైట్ల వైపు తిప్పడం ఆయనకు సహజంగా తోచి ఉంటుంది. అకారిఫార్మిస్ రోమాల మధ్యభాగంలో కాంతిని రెండుగా విడగొట్టే పదార్థం ఉంటుంది. పారాసిటిఫార్మిస్ రోమాలలో అది ఉండదు.

దీన్ని చూడటానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. ఒక ఫిల్ము ముక్కను సూక్ష్మదర్శినిలో స్లైడు కింద కాంతిని కేంద్రీకరించే కటకం (కండెన్సర్) కింద, మరొకదాన్ని కంటికటకం మీద పెట్టి, దృశ్యమంతా నల్లబడేవరకు పైదాన్ని తిప్పాలి. ఆ చీకటిలో అకారిఫార్మిస్‌కు చెందిన ఒరిబాటిడ్ రోమాలు తెల్లని గీతలుగా వెలుగుతాయి. స్లైడును తిప్పుతూ పోతే ఒక్కో రోమం ఫిల్ము దిశకు సమాంతరంగా వచ్చినప్పుడు ఆరిపోయి, 45 డిగ్రీల దగ్గర బాగా ప్రకాశిస్తుంది. కాలి చివర ఉన్న ముళ్లలాంటి రోమాలు వెలుగుతుండగా, వాటి పక్కనే ఉన్న మొద్దు కొన గల సోలినిడియం అనే జ్ఞానరోమం చీకటిలో కలిసిపోతుంది. కాళ్ల రోమాలను లెక్కించేటప్పుడు ఈ రెండింటినీ వేరుచేయడం తప్పనిసరి కాబట్టి ఈ తేడా రోజూ ఉపయోగపడుతోంది. కండరాలు, ఇసుక రేణువులు కూడా మెరుస్తాయి. అందుకే ముందుగా లాక్టిక్ ఆమ్లంలో లోపలి కణజాలం కరిగిపోయి, మట్టి పూర్తిగా తొలగి ఉండాలి.

వేగంగా పరుగెత్తే గోధుమ రంగు వేటగాళ్లను గుర్తించడం దీనితో పోలిస్తే తేలిక. మూడు, నాలుగు కాళ్ల జతల మొదళ్లకు పక్కగా ఒక జత శ్వాసరంధ్రాలు, వాటి నుంచి ముందుకు సాగే సన్నని గాడి కనిపిస్తే అవి పారాసిటిఫార్మిస్‌లోని మీసోస్టిగ్మాటా. వీటి రోమాలు ధ్రువణ కాంతిలో వెలగవు.

గట్టి పెంకు ఉన్న ఒరిబాటిడ్‌లలో మా పెరట్లో తరచుగా దొరికేవి రెండు. మొదటిది గాలుమ్నిడే కుటుంబానిది. దాని వీపుకు రెండు పక్కలా రెక్కల్లాంటి పలకలు కీలుతో అతికి ఉంటాయి, తాకగానే తాబేలులా కాళ్లను వాటి కిందికి లాక్కుంటుంది. పొట్ట వైపు జననరంధ్రపు తలుపులపై ఆరు జతల రోమాలు, వీపుపై సూక్ష్మ రంధ్రాలున్న మచ్చలు నాలుగు జతలు ఉన్నందువల్ల, ఇతర లక్షణాలను కూడా సరిచూసుకుని దాన్ని గాలుమ్నా ప్రజాతిలో ఉంచాను. రెండవదాని పలకలు కదలవు, జననరంధ్రపు తలుపులపై రోమాలు నాలుగు జతలే, వీపుపై మచ్చలకు బదులు లోపలికి వెళ్లే చిన్న సంచులు ఉన్నాయి. అది షెలోరిబేటిస్. ఒక్కో లక్షణాన్ని కనీసం రెండు నమూనాల్లో, రెండు వైపులా లెక్కించాకే నోటుపుస్తకంలో రాస్తున్నాను, ఎందుకంటే ఒక రోమం ఊడిపోయినా దాని మొదలు దగ్గర చిన్న గుంట మిగులుతుంది, ఆ గుంటను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆరుద్ర కార్తెలో మొదటి వానలకు బయటికి వచ్చే ఎర్రని మఖమల్ ఆరుద్ర పురుగు మనందరికీ చిన్ననాటి నుంచి తెలిసిన మైటు. మన దేశపు రచనల్లో అది ట్రాంబిడియం గ్రాండిసిమం అనే పేరుతో కనిపిస్తుంది. దాని దగ్గరి బంధువుల్లో వర్గీకరణకు ఉన్న చిక్కు నన్ను బాగా ఆకర్షించింది. పెద్దవి ఎనిమిది కాళ్లతో నేలమీద స్వేచ్ఛగా తిరుగుతూ వేటాడతాయి. ఆరు కాళ్ల పిల్లలు మాత్రం కీటకాలకు అంటుకుని బతుకుతాయి. మిడత రెక్కల మొదట్లో ఎర్రని పూసల్లా కనిపించేవి చాలావరకు ఇలాంటి పిల్లలే. రెండు దశలకూ రూపంలో పోలికే లేనందువల్ల చాలా జాతులు పిల్ల దశలోనో పెద్ద దశలోనో మాత్రమే తెలుసు, ఒకే జీవికి రెండు పేర్లు పడిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని కలపాలంటే గుడ్ల నుంచి పెంచి చూడాలి, లేదా డీఎన్‌ఏ పోల్చాలి. స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని వ్యాపింపజేసే చిగ్గర్ మైట్ల వర్గీకరణ అయితే దాదాపు పూర్తిగా పిల్లల లక్షణాల మీదే నడుస్తుంది, మనిషిని కుట్టేది కూడా ఆ దశే. పొదల దగ్గర ఆకులు సేకరించేవారు బూట్లు, పొడవాటి మేజోళ్లు వేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ప్రజాతి దాటి జాతి పేరు రాయడానికి నేను తొందరపడకపోవడానికి తేనెటీగల మీద బతికే వరోవా మైటు ఉదాహరణ చాలు. 1904లో డచ్ శాస్త్రవేత్త ఔడెమాన్స్ జావాలో ఆసియా తేనెటీగల మీద దొరికిన మైటుకు వరోవా జాకబ్‌సోని అని పేరు పెట్టాడు. ఆ తరువాత ప్రపంచమంతటా ఐరోపా తేనెటీగల పట్లను నాశనం చేసిన మైటును కూడా దశాబ్దాల పాటు అదే పేరుతో పిలిచారు. 2000లో ఆండర్సన్, ట్రూమన్ అనే పరిశోధకులు డీఎన్‌ఏను, శరీర కొలతలను పోల్చి అది వేరే జాతి అని తేల్చి, వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. జాకబ్‌సోని వెడల్పు సుమారు 1.5 మిల్లీమీటర్లు, డిస్ట్రక్టర్ వెడల్పు సుమారు 1.7 మిల్లీమీటర్లు. నిపుణులు నిత్యం చూసే మైటు విషయంలోనే ఇంతకాలం పట్టినప్పుడు, నా గాలుమ్నాకు జాతి పేరు పెట్టాలంటే ఆ ప్రజాతిలోని మూల వర్ణనలను, వీలైతే మూల నమూనాలను కూడా పోల్చవలసిందే. ఒకవేళ అది కొత్తదే అయితే, జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ఆ సంగతిని ప్రభుత్వం నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ భద్రపరచాలి. జంతువుల విషయంలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థ.

ప్రస్తుతానికి గాలుమ్నా నమూనాలను మూడు భాగాలుగా విడదీశాను. కొన్ని లాక్టిక్ ఆమ్లంలో చిత్రాలు గీయడానికి ఉన్నాయి. కొన్నింటిని ముందు ముందు డీఎన్‌ఏ పరీక్షకు పనికివచ్చేలా 95 శాతం ఇథనాల్‌లో ఫ్రీజర్‌లో పెట్టాను, మిగిలినవాటిని 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచాను. 0.01 మిల్లీమీటరు విభాగాలున్న స్లైడు స్కేలుతో ఒక్కో లెన్సును సరిచూసుకుని కొలతలు తీస్తున్నాను. తరువాతి విడతలో ముందు పలక మీద ఉండే మరో రకం జ్ఞానరోమం ఆకారాన్ని అన్ని నమూనాల్లోనూ ఒకే కోణం నుంచి గీసి, ఈశాన్య రుతుపవనాల వానల తరువాత కానుగ చెట్టు కింద తీసే మట్టిలోని వాటితో పోల్చాలి.