మందుల పెట్టెల మీద చదివిన నియోజకవర్గం

కెనడాలోని ఆంటారియో ప్రావిన్స్‌లో, సూ లుకౌట్ అనే చిన్న ఊళ్ళో ఫార్మసిస్టుగా చేరినప్పుడు నేను మొదట నేర్చుకున్నది పెట్టెలు కట్టడం. ఈ ఊరికి ఉత్తరాన రోడ్డు లేని ఊళ్ళే ఎక్కువ. వాటికి మందులు చిన్న విమానాల్లో వెళ్ళాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు అని నాలుగు వరుసలున్న అట్టలో ఒక మనిషికి వారానికి కావలసిన మాత్రలన్నీ సర్ది, వెనక రేకు అంటించి, పేరు చూసి, మళ్ళీ ఒకసారి చూసి పెట్టెలో పెడతాం. ఇన్సులిన్‌ని విడిగా చుట్టాలి. మన దగ్గర ఇన్సులిన్‌కి ఎండ భయం. ఇక్కడ జనవరిలో రన్‌వే పక్కన కాసేపు మరిచిపోతే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. టేపు వేశాక నల్ల మార్కర్‌తో పైన ఊరి పేరు పెద్దగా రాయాలి. శాండీ లేక్. పికాంజికమ్. కింగ్‌ఫిషర్ లేక్. ఫోర్ట్ సెవర్న్. మంచు కురిసి విమానం ఎగరని రోజు ఆ పెట్టెలు గోడ పక్కనే ఉండిపోతాయి. ఆ రోజంతా నా చూపు వాటి మీదికే పోతుంది.

2025 ఫిబ్రవరిలో ఆంటారియో ప్రావిన్స్ ఎన్నికలకు నా పేరున ఓటరు కార్డు వచ్చింది. పౌరసత్వం తీసుకున్నాక నా మొదటి ఓటు అది. నియోజకవర్గం పేరు కీవెటినూంగ్. ఇక్కడి ఆదివాసీల భాషల్లో ఒకటైన ఓజిబ్వేలో ‘ఉత్తరాన’ అని అర్థం. మ్యాపు తెరిచి చూశాను. ఇన్నాళ్ళూ పెట్టెల మీద రాస్తూ వచ్చిన ఊళ్ళన్నీ ఆ ఒక్క గీత లోపలే ఉన్నాయి.

ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేశాను. నాన్న స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, సర్వీసంతా ప్రతి ఎన్నికకీ పోలింగ్ డ్యూటీ చేశారు. ఎన్నికల మాటెత్తితే ఆయనకి ఎక్కడలేని ఓపికా వస్తుంది.

"ఎవరిని ఎన్నుకుంటారమ్మా మీరు?"

"ఎంపీపీని నాన్నా."

"మండలాధ్యక్షుణ్ణా?"

"కాదు, ఇక్కడ అసెంబ్లీ సభ్యుణ్ణే అలా అంటారు. మన ఎమ్మెల్యే అనుకో."

"జనాభా ఎంత?"

"33 వేలు ఉంటారేమో."

"మరి మండలమేగా!" అన్నారు.

అప్పుడు విస్తీర్ణం చెప్పాను. 2 లక్షల 90 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. విడిపోక ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం 2,75,045. దానికి మనం 294 మంది ఎమ్మెల్యేలను పంపేవాళ్ళం. ఇక్కడ అంతకన్నా పెద్ద నేలకి ఒక్కడు. నాన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగింది ఆయన అడగాల్సిన ప్రశ్నే: "మరి బ్యాలెట్ పెట్టెలు ఎట్లా చేరుస్తారు?" చలికాలంలో గడ్డకట్టిన సరస్సుల మీద కొన్ని వారాలు దారి వేస్తారని, లేకపోతే విమానమేనని చెప్పాను.

ఆ ఫోన్ పెట్టేశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఈ గీత ఎవరు గీశారు, ఎప్పుడు, ఎందుకు అని పాత మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను.

1889 నాటి చట్టం ప్రకారం ఆంటారియోకి ఈ వైపు ఉత్తర హద్దు ఆల్బనీ నది. దానికి అవతలి నేల కీవాటిన్ పేరుతో కేంద్రం చేతిలో ఉండేది. 1912లో హద్దును హడ్సన్ బే దాకా జరిపి, కొత్తగా వచ్చిన భాగానికి అప్పటి గవర్నర్ జనరల్ కూతురు ప్రిన్సెస్ ప్యాట్రీషియా పేరు పెట్టారు. ఆ నేల మీద తరతరాలుగా ఉన్న క్రీ, ఓజీ-క్రీ, ఓజిబ్వే ఆదివాసీ జనాలకి అలా ఒక పూటలో ప్రావిన్స్ వచ్చింది. ఓటు మాత్రం రాలేదు. చట్టం ప్రకారం ‘ఇండియన్’గా, అంటే ఆదివాసీగా, నమోదైన వారికి ఆ హోదా వదులుకోకుండానే ఆంటారియో ఎన్నికల్లో ఓటు వేసే హక్కు 1954లో వచ్చింది, కేంద్ర ఎన్నికల్లో 1960లో. మన దగ్గర 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే ప్రతి వయోజనుడికీ ఓటుంది. ఈ సంవత్సరాలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. మా కౌంటర్ దగ్గరికొచ్చే పెద్దవాళ్ళలో కొందరు పుట్టేనాటికి వాళ్ళ అమ్మానాన్నలకు ఓటు లేదు.

ఆ తర్వాత సూ లుకౌట్ కెనోరా నియోజకవర్గంలో ఉండేది. 1966 నుంచి 1987 దాకా లియో బెర్నియర్ గెలుస్తూ వచ్చారు, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ. ఆయనది హడ్సన్, ఇప్పుడు మా మున్సిపాలిటీలో భాగం. 1977లో ఉత్తర ప్రాంత వ్యవహారాల శాఖ పెట్టినప్పుడు మొదటి మంత్రి ఆయనే. ‘ఉత్తరాది చక్రవర్తి’ అనేవారట. ఆయన తప్పుకున్నాక లిబరల్ పార్టీ తరఫున ఫ్రాంక్ మిక్లాష్ వచ్చారు.

1999లో పెద్ద దెబ్బ పడింది. ఖర్చు తగ్గిస్తామని మైక్ హ్యారిస్ ప్రభుత్వం సీట్లను 130 నుంచి 103కి కుదించి, కేంద్ర పార్లమెంటు సీట్ల హద్దుల్నే ప్రావిన్స్‌కి వాడుకుంది. కెనోరా, రెయినీ రివర్ రెండూ ఒకటయ్యాయి. ఇద్దరు సిట్టింగ్ సభ్యులు ఒకే సీటుకి పోటీపడ్డారు. ఒకరు మిక్లాష్, ఇంకొకరు అప్పటి ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) నాయకుడు హోవార్డ్ హ్యాంప్టన్. హ్యాంప్టన్ గెలిచి 2011 దాకా ఉన్నారు, తర్వాత అదే పార్టీ నుంచి సేరా క్యాంప్‌బెల్. అమెరికా సరిహద్దున ఉన్న పొలాల నుంచి హడ్సన్ బే ఒడ్డున ఫోర్ట్ సెవర్న్ దాకా ఒకే సీటు! ఓట్లు ఎక్కువున్నది దక్షిణాన, రోడ్డున్న ఊళ్ళలో. ప్రచారానికి ఎవరు ఎటు వెళ్తారో ఎవరూ చెప్పక్కర్లేదు.

దాన్ని 2017లో విడదీశారు. ప్రావిన్స్ వేసిన ఒక కమిషన్ దూర ఉత్తరంలోని రెండు సీట్లను నాలుగు చేయమంది, చట్టమూ వచ్చింది. 122 కావలసిన అసెంబ్లీ 124 అయింది. కొత్త వాటిలో ఒకటి మాది, ఆదివాసీలు మెజారిటీగా ఉన్న నియోజకవర్గం. 2018లో మొదటి ఎన్నిక. కింగ్‌ఫిషర్ లేక్ నుంచి వచ్చిన సోల్ మమాక్వా ఎన్డీపీ తరఫున నిలబడి పోలైన వాటిలో దాదాపు సగం ఓట్లతో గెలిచారు. దక్షిణాన మిగిలిన కెనోరా-రెయినీ రివర్ అదే రోజు కన్సర్వేటివ్‌ల చేతికి వెళ్ళింది. గీత జరగకపోతే ఉత్తరాది ఓటు ఆ లెక్కలో కలిసిపోయేదే.

దీని మీద ఒక అభ్యంతరం తరచుగా వింటాను: టొరంటోలో లక్ష మందికి పైగా ఉంటే ఒక సీటు, మీకు 33 వేలకే ఒకటా, ఇది న్యాయమా అని. గెలిచిన మనిషికి 2018లో వచ్చింది మూడు వేల పైచిలుకు ఓట్లే అని కూడా గుర్తుచేస్తారు. న్యాయమే అంటాను. కెనడా సుప్రీంకోర్టు 1991లో సస్కచెవాన్ కేసులో చెప్పింది ఇదే: రాజ్యాంగం ఇచ్చిన ఓటు హక్కంటే తలలు సమానంగా పంచడం కాదు, సమర్థమైన ప్రాతినిధ్యం. భూగోళాన్నీ, అల్పసంఖ్యాకుల గొంతునీ లెక్కలోకి తీసుకోవచ్చు అంది. నా వృత్తిలో ఇది వింత కాదు. 10 కిలోల పాపకీ 80 కిలోల పెద్దాయనకీ ఒకే మోతాదు ఇచ్చి ‘సమానంగా చూశాను’ అనే ఫార్మసిస్టు చేతికి ఎవరూ చీటీ ఇవ్వరు. ఓట్లు తక్కువ పడ్డాయంటే జనానికి పట్టదని కాదు. 1954 దాకా గుమ్మం బయట నిలబెట్టి, పిల్లల్ని ఇంటికీ, తమ భాషకీ దూరం చేసే రెసిడెన్షియల్ స్కూళ్ళకు లాక్కెళ్ళిన వ్యవస్థ ఇది. మేం ఒప్పందం చేసుకున్న జాతులం, మీ పౌరుల గుంపు కాదు అని ఓటుకు దూరంగా ఉండేవాళ్ళనీ ఎరుగుదును. ఆ మాటను నేను గౌరవిస్తాను.

కేంద్రం స్థాయిలో ఇలాంటిదే జరగబోయి ఆగింది. 2022లో అక్కడి పునర్విభజన కమిషన్ ముందు కీవెటినూంగ్-ముష్కెగోవక్ అని ఉత్తరానికి విడిగా ఒక సీటు ప్రతిపాదించింది. చివరి నివేదికలో అది లేదు. మిగిలింది పేరు మాత్రం: ఇప్పుడు మా పార్లమెంటు సీటు కెనోరా-కీవెటినూంగ్. పేరు తగిలించినంత మాత్రాన సీటు ఇచ్చినట్టు కాదు.

సీటు ఇస్తే ఏమవుతుందో 2024 మే 28న చూశాను. ఆంటారియో అసెంబ్లీలో అంతవరకూ మాట్లాడటానికి ఇంగ్లీషు, ఫ్రెంచి, రెండే. ఆ నియమం మార్పించుకుని మమాక్వా తన భాష ఓజీ-క్రీలో మాట్లాడారు. అనువాదకులు పక్కనుంచి ఇంగ్లీషులో చెబుతుంటే సభ చెవులకి యంత్రాలు పెట్టుకుని విన్నది. ఆ రోజు ఆయన తల్లి పుట్టినరోజు.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ మనవడితో మందులకి వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు పెద్దగా రాదు, ఎప్పుడూ మనవడే చెబుతాడు: ఈ మాత్ర తిన్నాక, ఇది తినకముందు అని. ఆ రోజు ఆ కుర్రాడు ఫోన్ తీసి కౌంటర్ మీద, నా చేతిలోని అట్ట పక్కన పెట్టాడు. అసెంబ్లీ ప్రసంగం. ఆవిడ నాకు అరచెయ్యి చూపింది, ఆగమని. ఆగాను. వెనక వరుసలో వాళ్ళూ ఆగారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆవిడ ఒకచోట తలూపింది, ఒకచోట పైకి నవ్వింది. అయిపోయాక మందులు తీసుకుని ‘మీగ్వెచ్’ అంది. కృతజ్ఞతలు అని. ఆ వేళ మాత్రల సంగతి కుర్రాడు చెప్పడానికి నోరు తెరిస్తే అతన్ని ఆపి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో తనే నాకు వేళ్ళతో చూపించింది. అన్నీ సరిగ్గా చెప్పింది.

అదే రోజు ప్రశ్నోత్తరాల్లోనూ ఆయన తన భాషలోనే, సూ లుకౌట్‌లో వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణకు పడకల గురించి ముఖ్యమంత్రి డగ్ ఫోర్డ్‌ని అడిగారు. అది ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన గోడు. పెద్దవయసులో మంచం దొరక్క, తమ భాష ఎవరికీ రాని ఊళ్ళకి వెళ్ళాల్సి రావడం. తాగునీరూ అంతే. మా నియోజకవర్గంలోని నెస్కాంటాగాలో కాచి తాగమన్న హెచ్చరిక 1995 నుంచీ ఉంది. సీటు రాగానే ఇవన్నీ తీరిపోలేదు. కానీ ఎవరూ వాటిని దక్షిణాది జాబితాలో చివరి అంశంగా చదివి వదిలేసే వీల్లేదు ఇప్పుడు.

ఫిబ్రవరి 27న పని మధ్యలో వెళ్ళి ఓటు వేసి వచ్చాను. మర్నాడు పొద్దున్నే నాన్న ఫోన్.

"ఎవరు గెలిచారమ్మా మీ దగ్గర?"

"మమాక్వానే నాన్నా. మూడోసారి."

"ప్రభుత్వం వాళ్ళదేనా?"

"కాదు, అది మళ్ళీ కన్సర్వేటివ్‌లదే."

"ఆయనది ఏ ఊరన్నావు?"

"కింగ్‌ఫిషర్ లేక్. మొన్న మూడు పెట్టెలు పంపాను అక్కడికి, నిన్నటికి గానీ విమానం ఎగరలేదు."

"చేరాయా మరి?"

"చేరాయి నాన్నా. నర్సు ఫోన్ చేసింది. ఇన్సులిన్ కూడా బాగానే ఉందట."