గుంత దెబ్బ తర్వాత: ముందు ఎడమ చక్రం నోట్సు

మొదటి రోజు

వాన నీళ్లు నిండి ఉండటంతో గుంత ఎంత లోతో తెలియలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ముందు ఎడమ చక్రం దాని అవతలి అంచుకు కొట్టుకుంది. గాలి దిగలేదు, కారు ఆగలేదు. కానీ అక్కణ్ణుంచి మూడు తేడాలు కనిపిస్తున్నాయి. నేరుగా పోవాలంటే స్టీరింగ్ కుడివైపు వాల్చి పట్టుకోవాలి. చేతులు వదిలితే కారు ఎడమకు లాగుతోంది. 70 దాటితే స్టీరింగ్‌లో వణుకు.

వెంటనే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించేస్తే సరిపోతుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నాకు మనసొప్పలేదు. వంగిన భాగాన్ని అలాగే ఉంచి టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ) తిప్పితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిపోతుంది, స్టీరింగ్ కూడా నిటారుగా వస్తుంది. వంగింది మాత్రం వంగినట్టే ఉంటుంది. ముందు అదేమిటో దొరకాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్.

స్టీరింగ్ నడిమధ్యన కాగితపు టేపు ముక్క అంటించాను. చదునైన రోడ్డు మీద నేరుగా పోతున్నప్పుడు అది ఎంత పక్కకు జరుగుతోందో పక్క సీట్లోంచి తమ్ముడు చూశాడు. దాదాపు 12 డిగ్రీలు.

రెండో రోజు

చక్రం విప్పాను. బయటివైపు ఒక్క గీత కూడా లేదు. లోపలివైపు తిప్పితే సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద బొటనవేలంత ఉబ్బు. లోపలి దారాలు తెగితేనే అలా వస్తుంది, దానికి ప్యాచ్ ఉండదు, ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. సరిగ్గా ఉబ్బు ఉన్న చోటే రిమ్ము లోపలి అంచు కూడా నొక్కుకుపోయింది. గుంతలో పడ్డవాళ్లు చక్రం విప్పి లోపలివైపు చూడాల్సింది ఇందుకే.

స్టెప్నీ ఇదే సైజుది కావడం కలిసొచ్చింది. అది వేసి నడిపితే వణుకు పూర్తిగా పోయింది. లాగడం, స్టీరింగ్ వాలడం అలాగే ఉన్నాయి. లాగుడుకు టైరే కారణమేమోనని ముందు రెండు చక్రాలనూ అటుదిటు, ఇటుదటు మార్చి చూశాను. టైరు వల్లయితే కుడికి లాగాలి. మళ్లీ ఎడమకే లాగింది.

నాలుగో రోజు

జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, కారును ఒకసారి నెట్టి చూసి మరీ పని మొదలుపెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదలిక లేదు. బేరింగు, బాల్ జాయింటు (చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండ్రటి కీలు) ప్రస్తుతానికి గట్టిగానే ఉన్నాయన్నమాట. రెండు పక్కలా పట్టుకుని ఊపితే సన్నగా టక్ మంది.

ఎక్కడ అంటోందో చెవికి తెలియదు, వేలికి తెలుస్తుంది. కారు దించి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ లాక్ మాత్రం తీసి తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టాను. అటూ ఇటూ రెండేసి అంగుళాలు ఆడించమన్నాను. "ఇంకా గట్టిగా తిప్పనా అన్నయ్యా?" అంటున్నాడు. వద్దురా, మెల్లగా అన్నాను. బయటి టై రాడ్ ఎండ్ (రాడ్డుకు చక్రం వైపున్న కీలు) మీద, సగం రబ్బరు బూటు (కీలు తొడుగు) మీద, సగం ఇనుము మీద పడేలా బొటనవేలు ఆనించాను. టక్ మన్నప్పుడల్లా రాడ్డు ముందు కదిలి, నకిల్ (చక్రాన్ని మోసే భాగం) ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా కదులుతోంది. ఆట (వదులు) అక్కడే. లోపలి జాయింటు, రాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లను పక్కకు నెట్టే పళ్ల కడ్డీ) బిగువుగా ఉన్నాయి.

కానీ టై రాడ్ ఎండ్‌లో అంత చిన్న ఆట వల్ల కారు ఎప్పుడూ ఎడమకే లాగదు. ఇంకేదో ఉంది.

ఐదో రోజు

మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే. చేతిలో దారం, దానికి కట్టిన నట్టు, టేపు, సుద్దముక్క. అంతే.

స్టీరింగ్‌తో సంబంధం లేకుండా ముందు చక్రాలు నేరుగా ఉండేలా పెట్టాను. నాలుగు చక్రాల మధ్య బిందువుల నుంచీ దారం వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టి, ముందు గుర్తు నుంచి వెనక గుర్తుకు రెండు పక్కలా కొలిచాను. ఎడమవైపు 9 మి.మీ. తక్కువ. కారు కదిపి మళ్లీ కొలిచినా అంతే. రెండు పక్కలా కొలత వేరుగానే తయారైన కార్లు కూడా ఉన్నాయి. పాత రెనో 4 అలాంటిదే, వెనక టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా మెలిపడే కడ్డీలు) ఒకదాని వెనక ఒకటి ఉండటం వల్ల. నా కారు అలాంటిది కాదు. అంటే ముందు ఎడమ చక్రం వెనక్కి జరిగింది.

తర్వాత క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో ఎంత వాలిందో. చక్రం ముఖానికి ఎదురుగా దారం వేలాడదీసి, దారం నుంచి రిమ్ము పై అంచుకు ఎంత దూరమో, కింది అంచుకు ఎంతో కొలవాలి. నేల వాలు లెక్క తప్పించకుండా కారును తిప్పి అదే చోట నిలిపి రెండోసారి కొలిచి సగటు తీశాను. కుడి చక్రం పైభాగం 1 మి.మీ. లోపలికి ఉంది. ఎడమది 6 మి.మీ. బయటికి. అంచు నుంచి అంచుకు 380 మి.మీ. ఉన్న నా రిమ్ముకు 1 డిగ్రీ అంటే సుమారు 6.6 మి.మీ. కాబట్టి రెండు పక్కల మధ్య డిగ్రీకి పైగా తేడా. కారు పాజిటివ్ క్యాంబర్ (పైభాగం బయటికి వాలడం) ఎక్కువున్న వైపుకే లాగుతుంది. చక్రం కింది భాగం వెనక్కి జరిగితే క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌తో పక్కకు తిరిగే అక్షం పైభాగం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, తక్కువ క్యాస్టర్ ఉన్న వైపుకూ లాగుతుంది. రెండూ ఎడమే చూపిస్తున్నాయి.

ఇక వంగింది స్ట్రట్టా (చక్రం పైన నిలువుగా ఉండే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు గొట్టం), నకిలా, లోయర్ ఆర్మా (చక్రం కింది భాగాన్ని కారుకు కలిపే చేయి)? టైరు లోపలి అంచుకు, స్ట్రట్ గొట్టానికి మధ్య సందు కొలిస్తే ఇది తేలిపోతుంది. స్ట్రట్ గానీ నకిల్ గానీ వంగితే ఆ సందు మారుతుంది. నాకు రెండు పక్కలా 31 మి.మీ. వచ్చింది. అంటే చక్రం, స్ట్రట్ కలిసే వాలాయి, కింది భాగం లోపలికి పోయింది. కారణం కిందే ఉండాలి.

టార్చి వేసి లోయర్ ఆర్మ్ చూశాను. వంపు కంటికి ఆనలేదు. గుడ్డతో మట్టి తుడిచాక ముందు బుష్ (ఆర్మ్‌ను కారుకు కలిపే రబ్బరు కీలు) దగ్గర నల్ల రంగు పొర మడత పడి పెచ్చు లేచి కనిపించింది. పెచ్చు కింద వెంట్రుకంత తుప్పు గీత, ఇంకా నారింజ రంగులోనే ఉంది. పాత తుప్పు అలా ఉండదు. బుష్ రబ్బరు కూడా ఒక పక్క చిరిగింది. ఆ గీత చూసిన క్షణంలో ఐదు రోజుల టెన్షన్ దిగిపోయింది.

తొమ్మిదో రోజు

కొత్త లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్ వచ్చాయి. పాత ఆర్మ్‌ను కొత్తదాని మీద పెట్టి బుష్ రంధ్రాల్లోంచి బోల్టులు దూర్చాను. బాల్ జాయింట్లు ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. 13 మి.మీ. తేడా, వెనక్కీ లోపలికీ. నేల మీద దారంతో కొలిచిందీ ఇదీ ఒకే మాట చెబుతున్నాయి.

పాత టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టాను, 21. కొత్తదీ 21 చుట్లే ఎక్కించాను. అలైన్‌మెంట్ దాకా నడపడానికి ఆ మాత్రం చాలు. ఆర్మ్ బుష్ బోల్టులను చక్రం గాలిలో ఉన్నప్పుడు చివరి బిగింపు బిగించకూడదు. అప్పుడు బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిక పడి తొందరగా చిరుగుతుంది. వదులుగా ఎక్కించి, బరువు చక్రాల మీద పడ్డాకే మాన్యువల్‌లోని టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాను. విప్పిన సెల్ఫ్ లాకింగ్ నట్లు (వాటంతటవే వదులు కాని రకం) మళ్లీ వాడలేదు.

పదో రోజు

అలైన్‌మెంట్. నా కారులో ముందు టో ఒక్కటే సవరించే వీలుంది. భాగాలు సరిగ్గా ఉంటేనే క్యాంబర్, క్యాస్టర్ సరిగ్గా వస్తాయి. క్యాంబర్ ఎడమ మైనస్ 0.2, కుడి మైనస్ 0.1 డిగ్రీ. క్యాస్టర్ తేడా 0.2. టో సరిచేశాక స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను (స్టీరింగ్ ఎంత తిరిగిందో కారుకు చెప్పేదాన్ని) కూడా సున్నాకు పెట్టించాను. నేరుగా పోతుంటే టేపు ముక్క నడిమధ్యనే ఉంది. చేతులు వదిలినా కారు తన దారిన తను పోతోంది.

మిగిలినవి: నొక్కుకుపోయిన రిమ్ము పక్కన పెట్టేశాను, కొత్త టైరు కొత్త రిమ్ము మీదే. 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ చూడాలి. బేరింగ్‌కు దెబ్బ తగిలి ఉంటే హోరు కొన్నాళ్లకు గానీ మొదలవదు. కుడివైపు మలుపుల్లో బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి ఆ మలుపుల్లో అద్దాలు ఎత్తి, పాటలు ఆపి వింటున్నాను. ఇవాళ్టికి హోరు లేదు.