మా పాపకి బయోటినిడేజ్ లోపం: మడమ రక్తం పరీక్ష నుంచి మందు దాకా

మాది మేనరికం. అందుకే కాన్పుకి ముందే పిల్లల డాక్టరుగారు గట్టిగా చెప్పారు: "పుట్టగానే మడమ రక్తం పరీక్ష చేయిద్దామమ్మా. మీ ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు."

పాపకి 48 గంటలు నిండాక నర్సమ్మ వచ్చింది. మడమని గోరువెచ్చటి గుడ్డతో కాసేపు కాచి, పక్కవైపు చిన్నగా పొడిచి, మొదటి చుక్క తుడిచేసింది. తర్వాత కార్డు మీద ఒక్కో గుండ్రం ఒక్కో పెద్ద చుక్కతో నిండేలా అద్దింది. కార్డుని నీడలోనే ఆరబెట్టాలంది.

కొన్నాళ్లకి ఫోను: బయోటినిడేజ్ తక్కువగా ఉంది, మళ్లీ రండి. బయోటిన్ అనే విటమిన్‌ని ఒంట్లో తిరిగి వాడుకోవడానికి ఈ ఎంజైమ్ కావాలి. లేకపోతే కొన్ని వారాలకో నెలలకో ఫిట్స్, చర్మం మీద దద్దుర్లు, జుట్టు రాలడం మొదలవుతాయి. వినికిడి, చూపు దెబ్బతింటే ఆ తర్వాత మందు వేసినా తిరిగి రాకపోవచ్చు. "పిల్ల బంగారంలా పాలు తాగుతోంది, మళ్లీ సూదులెందుకే?" అంది అత్తయ్య. ఈ లోపాల్లో బిడ్డ మొదట బాగానే కనిపిస్తుందని డాక్టరుగారు ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పారు.

ఫోను వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదని కూడా చెప్పారాయన. కార్డుకి వేడి, తేమ తగిలితే ఎంజైమ్ చెడిపోయి తక్కువ చూపిస్తుందట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనూ తక్కువ రావచ్చు. మా పాప నెలలు నిండాకే పుట్టింది. ఈసారి నరంలోంచి రక్తం తీసి, ఐస్‌పెట్టెలో పంపారు. ఫలితం కోసం ఆగకుండా మందు మొదలెట్టేశారు. ఆ తొందర ఎంత మంచిదో రిపోర్టు వచ్చాక అర్థమైంది: ఎంజైమ్ మామూలుగా ఉండాల్సిన దాంట్లో పది శాతం కన్నా తక్కువ, అంటే తీవ్రమైన లోపం.

మందు బయోటినే. రోజూ పొడి చేసి, పిండిన తల్లిపాలలో కలిపి చెంచాతో పడుతున్నాను. జీవితాంతం వెయ్యాలి. పెద్దయ్యాక పచ్చి గుడ్డు తెల్లసొన పెట్టకూడదు, అది బయోటిన్‌ని ఒంటికి అందనివ్వదు. మా పెద్దాడికి కూడా రక్తపరీక్ష చేయించాం, వాడికి లేదు.

ప్రపంచం మొత్తమ్మీద ఇది సుమారు 60 వేల మందిలో ఒకరికి వస్తుంది. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు ఎక్కువున్న టర్కీలో అంతకన్నా చాలా ఎక్కువ. మన ఊళ్లలో మేనరికాలకి కొదవా? అయినా చాలా ఆసుపత్రుల్లో అడిగితే గానీ ఈ పరీక్ష చెయ్యరు, చేసినా కొన్నిచోట్ల థైరాయిడ్‌తో సరిపెడతారు. ఇప్పుడు మా చెల్లికి నెలలు నిండుతున్నాయి, దానిదీ మేనరికమే. ప్యాకేజీలో ఏయే జబ్బులున్నాయో, కార్డు ల్యాబుకి ఎన్నాళ్లలో చేరుతుందో, తేడా వస్తే ఎవరు ఫోన్ చేస్తారో ముందే కనుక్కోమని చెప్పాను.