గుండీలు ఏ వైపు పెట్టమంటారు?

మగవాళ్ల చొక్కాకి గుండీలు కుడివైపు, ఆడవాళ్లకి ఎడమవైపు. కుట్టుపనిలో మొదట్లోనే నేర్పే పాఠం ఇది. వైజాగ్ ఎంవీపీ కాలనీలోని నా షాపులో మాత్రం ముందు కస్టమర్‌నే అడుగుతాను.

మొన్న ఒక స్టూడెంట్ పొందూరు ఖాదీ తెచ్చారు. "అక్కా, అబ్బాయిలానో అమ్మాయిలానో కాదు, నాలా కనిపించాలి" అన్నారు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికిన నూలు అది. వైజాగ్ ఉక్కపోతకి ఇంతకంటే హాయైన బట్ట లేదు. ఛాతీ దగ్గర టక్స్ (ఒంటి ఆకారానికి తగ్గట్టు వేసే మడత కుట్లు) వేయలేదు. భుజం కుట్టు రెండు వేళ్లు కిందికి దించాను. జేబులు లోతుగా పెట్టాను, అమ్మాయిల బట్టలకి జేబులుండవన్న కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. గుండీల బదులు నాడాలు, ఎటువైపు కావాలంటే అటు ముడి వేసుకోవచ్చు.

"ఇదేం ఫ్యాషనమ్మా?" అనే పెద్దవాళ్లకి కూచిపూడిలో ఆడవేషాలు కట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని గుర్తుచేస్తాను. జడ వేసుకుని సత్యభామగా ఆయన వస్తే కళ్లప్పగించి చూసింది మనవాళ్లే కదా! 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. వేదిక మీద మెచ్చుకున్నదాన్ని బీచ్ రోడ్డులో వెక్కిరిస్తే నాకు బాధేస్తుంది. బట్టల ద్వారా తన జెండర్‌ని చెప్పుకోవడం భావప్రకటన హక్కేనని ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2014లో ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది.

ఆ చొక్కా ప్యాటర్న్ పేపరు దాచి ఉంచాను. కావాల్సినవాళ్లు కొలతలతో రండి.