మా బండికి 11 పాయింట్లు

పొద్దున్నే బండి మొరాయించింది. అలా అనడం అన్యాయం, దాని తప్పేమీ లేదు, వెనక చక్రంలో మేకు దిగింది. వీధి చివరి పంచర్ షాపు దాకా నెట్టుకుంటూ వెళ్లేసరికి చీర అంచుకు గ్రీజు అంటింది. అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పాడు. బుడగలు లేచిన చోట వేలు అదిమిపట్టి, "పాత అతుకు పక్కనే దిగిందమ్మా" అన్నాడు. ఆదివారం ఉదయం అలా తెల్లవారింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. సెలవులకు వచ్చిన మేనకోడలి ఫోనులో చార్జింగ్ కూడా అయిపోవడంతో అటక మీది స్క్రాబుల్ పెట్టె కిందికి దిగింది. అక్షరాల బిళ్లలు గళ్ల పలక మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట అది. 100 బిళ్లలు ఉండాలి, 98 ఉన్నాయి. పోయినవాటిలో ఒకటి క్యూ. దాని కోసం ఎవరూ ఏడవరు.

మొదటి వంతు మేనకోడలిదే. నడిమధ్య నక్షత్రం గడిలో మొదలుపెట్టి బి, ఎ, ఎన్, డి, వై అని తాపీగా పేర్చింది.

"ఇది ఇంగ్లీషు ఆట అమ్మాయీ, తెలుగు మాటలు కుదరవు."

"బ్యాండీ అత్తా. ఉంది."

"లేదు."

మా ఇంటి నియమం ప్రకారం, తప్పు పట్టి ఓడినవాళ్ల వంతు పోతుంది. ధీమాగా నిఘంటువు తీశాను.

ఉంది. ఒకటి కాదు, నాలుగు అర్థాలతో ఉంది. మొదటిది, మాటకు మాట విసురుకోవడం. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి టెన్నిస్ బంతిని అటూ ఇటూ కొట్టడానికి తెచ్చుకున్న మాటట. తరువాత బంతి స్థానంలోకి మాటలు వచ్చాయి. అత్తా కోడళ్లం అప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే. రెండోది, వంపు తిరిగిన కర్రతో ఆడే ఆట. స్వీడన్, రష్యాల్లో ఇప్పటికీ జట్టుకు 11 మంది చొప్పున మంచు మీద ఆడతారు. ఆ కర్ర వంపును బట్టే దొడ్డికాళ్లకూ అదే పేరు వచ్చింది.

ఇక చివరి అర్థం దగ్గర నా నోరు మూతపడింది. బండి, ముఖ్యంగా ఎద్దుల బండి. మూలం: తెలుగు. మేనకోడలు చంకలు గుద్దుకుంది. "తెలుగు మాటే అత్తా, నువ్వు చెప్పింది నిజమే" అని నన్ను ఓదార్చింది కూడా. ఓడిపోయినందుకు ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

మామూలుగా ఆ మాటకు 11 పాయింట్లు. బి 3, డి 2, వై 4, మిగతా రెండూ ఒక్కొక్కటి. వై అక్షరం రెట్టింపు గడిలో పడింది కాబట్టి 15, నక్షత్రం మాట మొత్తాన్ని రెట్టింపు చేసింది కాబట్టి 30. విచిత్రమేమిటంటే ఒక్క బండికి 11 అయితే, బహువచనం చేస్తే 10 కి పడిపోతుంది. 4 పాయింట్ల వై పోయి దాని చోట ఐ, ఇ, ఎస్ వస్తాయి, మూడూ కలిపినా మూడే. అయితే చేతిలోని ఏడు బిళ్లలూ ఒకేసారి ఖర్చవుతాయి కాబట్టి అదనంగా 50 వస్తాయి. అంటే బండ్లు ఓడలయ్యే దారి ఆటలో కూడా ఉంది.

వంతు ఎలాగూ పోయింది కదా అని హాబ్సన్-జాబ్సన్ తిరగేశాను. ఇండియాలోని ఇంగ్లీషువాళ్ల నోళ్లలో నలిగిన మన మాటలను పోగేసిన 1886 నాటి నిఘంటువు అది. బ్యాండీ అనే మాట దక్షిణాన, పడమటన వాడుకలో ఉంది కానీ బెంగాలులో తెలియదని అందులో రాశారు. 1791 సెప్టెంబరు నాటి మద్రాసు కొరియర్ ప్రకటన ఒకటి ఉదాహరించారు. రాగి పలకలు బిగించి, లోపల మొరాకో తోలు పరిచిన సరికొత్త బండి అమ్మకానికి ఉందట! నేను కాసేపు ఆ బండిలోనే కూర్చున్నాను. ఎద్దులా, గుర్రమా అన్నది ప్రకటనలో లేదు.

అదే దారిన వెళ్లిన మన పందికొక్కు బ్యాండికూట్ అయింది. తొమ్మిది అక్షరాలు, 14 పాయింట్లు. ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని ఒక సంచి జంతువుకు కూడా ఆ పేరే తగిలించారు. ధాన్యం మేసినట్టే మన పందికొక్కు పేర్లు కూడా మేసింది.

నాకు నచ్చనిది ఒకటే. ఇంగ్లీషు నిఘంటువులో మన బండికి ఇంకా ఎద్దులే కట్టి ఉన్నాయి. ఇక్కడేమో అది పెట్రోలు తాగింది, పట్టాలెక్కింది, సాయంత్రాలు కూడలిలో నిలబడి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. అక్కడికి ఒక ఉత్తరం రాయాలనిపించింది, రాయనులెండి.

ఆట నేను 41 పాయింట్ల తేడాతో ఓడిపోయాను. రాత్రి తమ్ముడు ఫోను చేసి, "రేపు ఏ బండికి ఎక్కిస్తున్నావక్కా?" అని అడిగాడు. తొమ్మిదింటి బండికి అన్నాను. స్టేషనుకు తీసుకెళ్లాల్సింది నా బండి మీదే కాబట్టి, పడుకునే ముందు కిందికి దిగి వెనక చక్రం నొక్కి చూశాను. గాలి ఉంది.