సామాజిక సేవారంగంలో కన్సల్టెన్సీ నడపడం: రేటు, ఒప్పందం, మనుషుల ఆరోగ్యం – నా అనుభవం

స్వచ్ఛంద సంస్థలకు, కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలకు సర్వేలు, మూల్యాంకనాలు చేసిపెట్టే చిన్న కన్సల్టెన్సీ మాది, హైదరాబాద్‌లో. ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లు ముందుగా పేరు గురించీ రిజిస్ట్రేషన్ గురించీ అడుగుతారు. నేను మాత్రం మొదట రోజు రేటు, అంటే ఒక మనిషి ఒక రోజు పనికి క్లయింటు నుంచి తీసుకునే ఫీజు, లెక్క వేయమంటాను. ఉద్యోగులు రాత్రి పదకొండింటికి రిపోర్టు దిద్దుతూ కూర్చున్నారంటే కారణం చాలాసార్లు ఆ లెక్కలోనే దొరుకుతుంది.

ఏడాదిలో శని, ఆదివారాలు పోతే 261 రోజులు. పండుగలు 12, సెలవులు 24 తీసేస్తే 225 మిగులుతాయి. వీటిలో క్లయింట్లకు బిల్లు వేసేవి 65 శాతం, అంటే 146 రోజులు దాటనివ్వకూడదు. మిగతా రోజులు ప్రతిపాదనలు రాయడానికి, కొత్తవి నేర్చుకోవడానికి, ఒంట్లో బాగాలేనప్పటికి. నెలకు 60,000 జీతం అనుకుంటే ఏడాదికి 7.2 లక్షలు. పీఎఫ్, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా, పండుగ బోనస్ కలిపి ఇంకో 1.1 లక్షలు. అద్దె, కంప్యూటర్లు, ఆడిటర్ ఫీజులో ఆ మనిషి వాటా 2.5 లక్షలు. మొత్తం 10.8 లక్షల మీద 10 శాతం నిల్వనిధి వేసి 146తో భాగిస్తే రోజుకు దాదాపు 8,140 రూపాయలు. క్లయింటు 6,000కు బేరమాడితే ఆ ఖర్చే రాబట్టుకోవడానికి 198 రోజులు బిల్లు వేయాలి. అప్పుడు ప్రతిపాదనలన్నీ రాత్రిళ్లు రాయాల్సిందే. అందుకే రేటు తగ్గించమంటే పని తగ్గిస్తాం: 600 ఇళ్ల శాంపిల్‌ను 400 చేస్తే ఏ అంచనా బలహీనపడుతుందో కాగితం మీద చూపించి, నిర్ణయం వాళ్లకే వదిలేస్తాం.

పన్నుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు, మన సేవలకు 18 శాతం. మామూలు కంపెనీ తన వ్యాపారం కోసం తీసుకున్న సేవల మీద ఆ పన్నును తన లెక్కలో సర్దుకోగలదు. సీఎస్‌ఆర్ ఖర్చు మీద కంపెనీకీ, స్వచ్ఛంద సంస్థకూ మాత్రం అది నికర ఖర్చు. కాబట్టి టీఓఆర్‌లో (క్లయింటు ఇచ్చే పని వివరాల పత్రంలో) ‘అన్ని పన్నులతో కలిపి’ అన్న మాట ఉందేమో మొదటే చూడాలి. ఉంటే 10 లక్షల పనిలో మన చేతికొచ్చేది 8.47 లక్షలు. అందులోనూ 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, అది రిటర్ను వేశాక గానీ లెక్కకు రాదు. విదేశీ విరాళాలతో నడిచే సంస్థలకైతే విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. మన ఫీజును పరిపాలన పద్దులో చూపబోతున్నారా, కార్యక్రమం పద్దులోనా అన్నది సంతకానికి ముందే అడగాలి.

చెల్లింపులు 40, 40, 20గా రాసుకుంటాం: సంతకంతో మొదటిది, డ్రాఫ్టుతో రెండోది, తుది రిపోర్టుతో మూడోది. క్లయింటుకు డబ్బిచ్చే ‘దాత ఆమోదించాక’ చెల్లిస్తామన్న షరతును ఒప్పుకోం, ఎందుకంటే ఆ దాతకూ మనకూ ఒప్పందమే ఉండదు. రిపోర్టు ఇచ్చిన 15 రోజుల్లో అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే, సవరణలు రెండు విడతలే అని రాయాలి. రెండు విడతల హద్దు లేని రిపోర్టు నెలల తరబడి ఎవరో ఒకరి మెడకు చుట్టుకునే ఉంటుంది. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగవచ్చు.

ఫీల్డు పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ముప్పావు గంట ప్రశ్నావళి అయితే ఒక మనిషి రోజుకు ఐదారు ఇళ్లు చక్కగా చేస్తాడు. ఎనిమిది చేయమంటే చివరి రెండింటిలో జవాబులు ఒకే మూసలో వస్తాయి, డేటాలో అది కనిపిస్తుంది. మే నెలలో తెలంగాణ పల్లెల్లో పని పొద్దున పదకొండులోపు, మళ్లీ నాలుగు తర్వాత. గృహహింస, ఆత్మహత్య జరిగిన రైతు కుటుంబం వంటి ఇంటర్వ్యూలైతే రోజుకు మూడే. సాయంత్రం అరగంట అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు, ఫీల్డు నుంచి తిరిగొచ్చిన మర్నాడు సెలవు. ఈ సెలవుకూ సాయంత్రపు అరగంటకూ కొటేషన్‌లోనే రోజులు వేస్తాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416 సర్వే చేసేవాళ్ల చేతిలోనూ, వాళ్లు కలిసే కుటుంబాల కోసం ఇచ్చే చీటీలోనూ ఉంటుంది. పదిమంది ఉంటే లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా తక్కువ ఉన్నా వేసుకోండి, బయటి సభ్యురాలితో సహా.

ఇక సామాజిక లక్ష్యం. మన దేశంలో దానికోసం లాభాపేక్ష ఉన్న కంపెనీలకు వేరే చట్టరూపం లేదు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ పెడితే లాభం పంచుకోలేరు. మేము ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) ఎంచుకుని, ఏర్పాటైన 30 రోజుల్లో దాఖలు చేయాల్సిన ఒప్పందంలోనే షరతులు రాసుకున్నాం. మేము రూపొందించిన పథకాన్ని మేమే మూల్యాంకనం చేయం. ప్రతికూల ఫలితాలను తొలగించే హక్కు క్లయింటుకు ఇవ్వం. ఉచిత పని మొత్తం రోజుల్లో పదో వంతుకు మించదు, అవి కూడా టైమ్‌షీట్‌లో పడాల్సిందే. నిల్వ మూడు నెలల జీతాలకన్నా తగ్గితే ముందు ఆగేది భాగస్వాముల వాటా, తర్వాత కొత్త నియామకాలు, ఆ తర్వాత ఆఫీసు అద్దె. జీతాలు ఆ వరుసలో చిట్టచివర ఉంటాయి.